ఆశ్లేష కార్తె ముసురుకు లెక్క వేయండి: చేవెళ్ల దగ్గర ఇంటికి సొంత కరెంటు

మీరు అడిగింది ముందు ఒకసారి చెప్తాను, మిగతా చదివేవాళ్లకూ సంగతి తెలుస్తుంది. చేవెళ్ల దాటాక అరెకరం పొలంలో రెండు గదుల ఇల్లు కడుతున్నారు. అమ్మానాన్నలు అక్కడే ఉంటారు, మీరు శని, ఆదివారాలు హైదరాబాద్ నుంచి వెళ్లి వస్తారు. దగ్గరి కరెంటు స్తంభం 600 మీటర్ల దూరంలో ఉంది. మధ్యలో పొలాలవాళ్లు స్తంభాలు పాతనివ్వడం లేదు. ఒకాయన 5 కిలోవాట్ల సోలార్ ప్యానెళ్లు, 150 ఏహెచ్ (ఆంపియర్ అవర్ల) ట్యూబులర్ అనే లెడ్ యాసిడ్ బ్యాటరీలు నాలుగు, మేడ మీద ఒక చిన్న గాలిమర కలిపి కోట్ ఇచ్చాడు. "ఏసీ, గీజర్, బోరు మోటరు అన్నీ నడుస్తయి సార్, టెన్షన్ వద్దు" అన్నాడట. తీసుకోవచ్చా అన్నది మీ ప్రశ్న.

ఆ కోట్ తీసుకోకండి. ఎందుకో వివరంగా రాస్తాను. నేను శంకర్‌పల్లి వైపు 2015 నుంచి లైన్ కనెక్షన్ లేని ఇంట్లోనే ఉంటున్నాను. తెలిసినవాళ్లకు ఇలాంటివి మరికొన్ని దగ్గరుండి పెట్టించాను. చేసిన తప్పులు కూడా చెప్తాను, అవి మీ ఇంట్లో జరగకూడదు.

లెక్కలోకి వెళ్లే ముందు ఒక మాట. ఆ పొలాలవాళ్లతో ఇంకోసారి మాట్లాడి చూడండి. ఊళ్లో పెద్దమనిషి ఎవరినైనా వెంటబెట్టుకుని వెళ్లండి. లైన్ వచ్చే దారి ఏమాత్రం ఉన్నా అదే మేలు. బ్యాటరీలో దాచుకుని వాడే యూనిట్, స్తంభం నుంచి వచ్చే యూనిట్ కన్నా ఎప్పుడూ ఖరీదే. 2024 ఫిబ్రవరిలో మొదలైన పీఎం సూర్యఘర్ పథకంలో 3 కిలోవాట్లకు ఇచ్చే 78,000 రూపాయల సబ్సిడీ కూడా లైన్‌కు కలిపిన ప్యానెళ్లకే. లైన్ వస్తే ఇంకో విషయం గుర్తుంచుకోండి: లైన్‌కు కలిపి నడిపే మామూలు ఆన్‌గ్రిడ్ ఇన్వర్టర్ (ప్యానెళ్ల కరెంటును ఇంటి కరెంటుగా మార్చే పెట్టె) లైన్‌లో కరెంటు పోగానే తనూ ఆగిపోతుంది, మిట్టమధ్యాహ్నం ఎండ కాస్తున్నా సరే. స్తంభం ఎక్కిన లైన్‌మన్‌కు మన ఇంటి నుంచి షాక్ కొట్టకూడదని అలా చేస్తారు. కాబట్టి అప్పుడూ బ్యాటరీ ఉన్న హైబ్రిడ్ ఇన్వర్టరే కావాలి.

ఇక లైన్ రాదనే అనుకుని మాట్లాడదాం.

సోలార్ అనగానే అందరికీ రోహిణి కార్తె ఎండ గుర్తొస్తుంది. రోళ్లు పగిలే ఎండ, కరెంటుకు కొదవేముంది అనుకుంటారు. కానీ మీ ఇంట్లో దీపం ఆరిపోయేది రోహిణిలో కాదు, పుష్యమి, ఆశ్లేష కార్తెల్లో. జూలై చివర, ఆగస్టు మొదట్లో మూడు నాలుగు రోజులు ముసురు పట్టి సూర్యుడు కనిపించని వారం ఉంటుంది చూడండి, సిస్టమ్ మొత్తం ఆ వారానికే లెక్క వేయాలి. హైదరాబాద్ చుట్టుపక్కల మార్చి, ఏప్రిల్ నెలల్లో రోజుకు 6 గంటలకు పైగా నిండు ఎండతో సమానమైన వెలుగు దొరుకుతుంది. జూలై, ఆగస్టుల్లో సగటున 4, 4.5 గంటలు అనుకోవాలి. బాగా మబ్బు పట్టిన రోజున 1.5 నుంచి 2 గంటలు. ఇక్కడ నిండు ఎండ గంట అంటే ఒక కిలోవాట్ ప్యానెల్ ఒక యూనిట్ ఇవ్వగలిగినంత వెలుగు. మీకు కోట్ ఇచ్చినాయన ఏ నెలకు లెక్క వేశాడో అడిగి చూడండి.

ఇప్పుడు ఇంటి వాడకం చూద్దాం. మీరు పంపిన జాబితానే తీసుకున్నాను. తక్కువ కరెంటు తినే బీఎల్‌డీసీ ఫ్యాన్లు మూడు, ఒక్కోటి 30 వాట్లు. రెండు 12 గంటలు, ఒకటి 6 గంటలు తిరిగితే 900 వాట్ అవర్లు. పాతరకం ఫ్యాన్ 75 వాట్లు తింటుంది, అవే గంటలకు 2250 అవుతుంది. అంటే మూడు ఫ్యాన్లు మార్చినందుకే రోజుకు యూనిట్‌కు పైగా మిగిలింది. ఆ మిగులును బ్యాటరీ రూపంలో కొనాలంటే ఫ్యాన్ల ధరకు ఎన్నో రెట్లు పెట్టాలి. 9 వాట్ల ఎల్‌ఈడీలు ఆరు, 5 గంటలు: 270. టీవీ 70 వాట్లు, 4 గంటలు: 280. చిన్న సింగిల్ డోర్ ఫ్రిజ్ ఎండాకాలంలో 1100. రౌటర్ 10 వాట్లే, కానీ రోజంతా ఉంటుంది కాబట్టి 240. రెండు కెమెరాలకు ఇంకో 240. మీ ల్యాప్‌టాప్, అందరి ఫోన్లు కలిపి 300. మిక్సీ పది నిమిషాలు 100. మొత్తం 3430. బోరు మోటరు 1 హెచ్‌పీ, కరెంటు తీసుకోవడం 1100 వాట్లు, రోజుకు 45 నిమిషాలు: 825. అన్నీ కలిపితే 4255 వాట్ అవర్లు, అంటే నాలుగుంబావు యూనిట్లు.

చాలామంది ఇక్కడ ఆగిపోతారు. నేనూ ఆగిపోయాను.

2016 ఆగస్టు సంగతి. నా లెక్క ప్రకారం బ్యాటరీ తెల్లారి ఎనిమిది దాకా రావాలి. రోజూ తెల్లవారుజామున నాలుగింటికి ఇన్వర్టర్ కుయ్‌మని ఆగిపోయేది. మా అత్తమ్మ అప్పుడు మా దగ్గరే ఉండేది, ఉక్కపోతకు లేచి కూర్చునేది. వారం రోజులు బ్యాటరీలను అనుమానించాను, ప్యానెళ్లను తుడిచాను, వైర్లు బిగించాను. చివరికి ఒక రాత్రి ఇంట్లో ఎంసీబీలన్నీ (బోర్డులో కరెంటు ఆపే బ్రేకర్ స్విచ్‌లు) దించేసి బ్యాటరీ కేబుల్‌కు కరెంటు కొలిచే క్లాంప్ మీటర్ తగిలించాను. ఏమీ నడవకపోయినా 48 వోల్టుల దగ్గర 1.1 ఆంపియర్లు పోతున్నాయి. అంటే దాదాపు 53 వాట్లు. తాను మేలుకుని ఉండటానికి ఇన్వర్టరే తింటోంది. రోజుకు ఒకటింబావు యూనిట్లు! కుండకు అడుగున సన్నని చిల్లు ఉంటే ఎన్ని నీళ్లు పోసినా నిలవనట్టు, నేను ఆ చిల్లును లెక్కలోనే రాయలేదు.

కాబట్టి మీ లెక్కలో ఇన్వర్టర్ సొంత వాడకం 50 వాట్ల చొప్పున 1200 కలపండి. బ్యాటరీ ఇచ్చే డీసీ కరెంటును ఇంట్లో వాడే ఏసీ కరెంటుగా మార్చేటప్పుడు పోయేది ఓ 400. బ్యాటరీలోకి పోసి మళ్లీ తీసేటప్పుడు ఇంకో 150. మొత్తం రోజుకు 6 యూనిట్లు. ఇన్వర్టర్ కొనేటప్పుడు "నో లోడ్ మీద ఎన్ని వాట్లు తీసుకుంటుంది" అని రాతపూర్వకంగా అడగండి. 25 వాట్లు తీసుకునేదానికీ 75 వాట్లు తీసుకునేదానికీ మధ్య రోజుకు 1.2 యూనిట్ల తేడా, మీ ఫ్రిజ్ తినేదానికన్నా ఎక్కువ.

ఏసీ, గీజర్ గురించి. గీజర్ అసలు వద్దు. 2 కిలోవాట్ల హీటర్‌ను బ్యాటరీ మీద నడపడం సొమ్ము కాల్చి నీళ్లు కాచుకోవడమే. మేడ మీద 100 లీటర్ల సోలార్ వాటర్ హీటర్ పెట్టండి. అటు బోరు నీళ్లు ఉప్పు నీళ్లయితే రాగి గొట్టాల రకంలో తెల్ల పొర కట్టి మూసుకుపోతుంది, గాజు ట్యూబుల రకం కొంత నయం. ముసురు రోజుల్లో ఎలాగూ కట్టెల పొయ్యి, గ్యాస్ ఉంటాయి. ఏసీ రాత్రంతా నడిస్తే 1 టన్నుది కూడా సుమారు 5 యూనిట్లు తీసుకుంటుంది. అంటే ఇల్లు మొత్తం ఒక రోజు వాడేదానికి దగ్గర. దాని కోసం బ్యాటరీ దాదాపు రెట్టింపు చేయాలి. అమ్మానాన్నల ఆరోగ్యం దృష్ట్యా తప్పనిసరి అయితే అది వేరు, అప్పుడు మధ్యాహ్నం 12 నుంచి 4 దాకా, ప్యానెళ్ల మీదే నడిచేలా చూసుకోండి. లేదంటే మన వైపు ఏప్రిల్, మే వేడి పొడి వేడి కదా, 150 వాట్ల ఎయిర్ కూలర్ బాగా పనిచేస్తుంది. స్లాబ్ మీద తెల్ల పూత వేయించండి. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది ఇందుకే. ప్యానెళ్లు స్లాబ్‌కు నీడ పట్టడం వల్ల కూడా కింది గది చల్లబడుతుంది, మా ఇంట్లో ఆ గదిలోకే అందరూ చేరతారు.

గాలిమర సంగతి తేల్చేద్దాం. గాలి వేగం సగమైతే శక్తి ఎనిమిదో వంతుకు పడిపోతుంది. రెండు మీటర్ల వ్యాసం రెక్కలు సెకనుకు 10 మీటర్ల గాలిలో 500 వాట్లకు పైగా ఇస్తాయి. అదే 3 మీటర్ల గాలిలో 15 వాట్లు. మీ రౌటర్ నడుస్తుంది, అంతే. చేవెళ్లలో మేడ ఎత్తులో, చెట్ల మధ్య, ఏడాదిలో ఎక్కువ రోజులు ఉండేది ఆ 3 మీటర్ల గాలే. ఉమ్మడి అనంతపురం జిల్లా రామగిరి కొండల మీద గాలిమరలు ఊరికే పెట్టలేదు, అక్కడ గాలి ఉంది. పైగా తిరిగే యంత్రం స్లాబ్ మీద ఉంటే రాత్రంతా ఇల్లు గుయ్‌మంటుంది. ఆ డబ్బుతో ప్యానెళ్లు కొనండి. మీ నాన్నగారు మూడు నాలుగు పశువులను పెడతారన్నారు కదా, అది మంచి ఆలోచన. రోజుకు 50 కిలోల పేడ ఉంటే 2 ఘనపు మీటర్ల గోబర్ గ్యాస్ ప్లాంట్ నడుస్తుంది, నలుగురైదుగురికి వంట అయిపోతుంది. ఆ గ్యాస్‌తో జనరేటర్ నడపాలని మాత్రం చూడకండి, వంటకే వాడండి. ఇండక్షన్ స్టవ్ భారం సోలార్ మీద పడకుండా పోతుంది, అదే పెద్ద లాభం.

ఇక ప్యానెళ్లు ఎన్ని. 6 యూనిట్లు కావాలి. వానాకాలం సగటు 4 గంటలు. దుమ్ము, వేడి, వైర్లు, మిగతా నష్టాలు పోను మనకు చేరేది 75 శాతం. 6ను 4తోనూ, 0.75తోనూ భాగిస్తే 2 కిలోవాట్లు. కాగితం మీద ఇది చాలు. కానీ నేను 540 వాట్ల ప్యానెళ్లు ఆరు, అంటే 3.24 కిలోవాట్లు పెట్టమంటాను. కారణం ముసురే. 2 గంటల వెలుగే దొరికిన రోజు కూడా ఇవి 4.8 యూనిట్ల దాకా ఇస్తాయి. మోటరు వేయడం ఒక రోజు ఆపితే ఇల్లు గడిచిపోతుంది. పదేళ్ల కిందట ప్యానెళ్లు ఖరీదు, అందుకే పొదుపుగా పెట్టి బ్యాటరీ పెంచేవాళ్లం. ఇప్పుడు తిరగబడింది. మబ్బు రోజుల కోసం బ్యాటరీలు పేర్చే బదులు ప్యానెళ్లు ఎక్కువ పెట్టడం చవక. బ్యాటరీ కరెంటును పుట్టించదు. నాలుగు రోజులు ముసురు పడితే ఎంత పెద్ద బ్యాటరీ అయినా ఖాళీ కావాల్సిందే, ప్యానెల్ మాత్రం మబ్బులోనూ ఎంతో కొంత ఇస్తూనే ఉంటుంది.

వాలు ఎంత అంటే, అందరూ దక్షిణానికి 17 డిగ్రీలు అంటారు, మన అక్షాంశం అదే కాబట్టి. ఏడాది మొత్తం మీద ఎక్కువ యూనిట్లు కావాలంటే అది సరే. కానీ మనకు కొరత వచ్చేది ఆగస్టులో. హైదరాబాద్‌లో మే 9న, ఆగస్టు 3న మధ్యాహ్నం నీడ కనిపించదని పేపర్లలో రాస్తారు చూడండి, ఆ రోజుల్లో సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. ఆ మధ్య కాలంలో కాస్త ఉత్తరానికే ఉంటాడు. అందుకే 10, 12 డిగ్రీలు చాలు. అంతకన్నా తగ్గించకండి, వాన నీరు జారి దుమ్ము కడగాలి.

ఇప్పుడు మీ కోట్‌లో అసలు లోపం. 5 కిలోవాట్ల ప్యానెళ్లకు 150 ఏహెచ్ ట్యూబులర్లు నాలుగు. సిరీస్‌లో, అంటే ఒకదాని వెనక ఒకటి కలిపితే, 48 వోల్టులు. ట్యూబులర్ బ్యాటరీని దాని సామర్థ్యంలో 10 నుంచి 15 శాతం కరెంటుతో చార్జ్ చేయాలి, అంటే 15 నుంచి 22 ఆంపియర్లు. వాట్లలో దాదాపు వెయ్యి. మిగతా 4 కిలోవాట్లు ఎక్కడికి పోవాలి? పగలు ఇంట్లో అంత వాడకం లేదు. అంటే మీరు కొన్న ప్యానెళ్లలో ఎక్కువ భాగం ఎండలో ఊరికే పడి ఉంటుంది. లేదా ఇన్వర్టర్‌లో కరెంటు పెంచి పెడతారు, అప్పుడు బ్యాటరీ నీళ్లు మరిగి ప్లేట్లు పాడవుతాయి. ఇంకోటి, ఆ నాలుగింటి సామర్థ్యం 7.2 యూనిట్లు అని రాసినా, ఆయుష్షు కావాలంటే సగమే వాడాలి, 3.6. మీ ఇంటికి రాత్రి ఒక్కదానికే ఇన్వర్టర్ తినేదానితో కలిపి 3 యూనిట్లు కావాలి. మరుసటి రోజు మబ్బు వేస్తే చేతులెత్తేయాలి. అది కూడా సీ20 రేటింగా, సీ10 రేటింగా చూడండి. ఇంటి ఇన్వర్టర్‌కు అమ్మే బ్యాటరీ మీద ఉండే 150 అనేది 20 గంటల్లో నెమ్మదిగా వాడితే వచ్చే లెక్క. అది సీ20. సోలార్‌కు 10 గంటల్లో వాడే లెక్కన రాసిన సీ10 బ్యాటరీ కావాలి.

నా మాట వింటే లిథియం ఐరన్ ఫాస్ఫేట్ తీసుకోండి. 51.2 వోల్టులు, 100 ఏహెచ్ ప్యాక్ ఒక్కోటి 5.12 యూనిట్లు, అలాంటివి రెండు. 10.24లో 85 శాతం వాడుకున్నా 8.7 యూనిట్లు చేతికి వస్తాయి. ఒక రాత్రి, మరుసటి ముసురు పగలు, ఆ రాత్రి కూడా గడుస్తాయి. ప్యానెళ్ల నుంచి వచ్చే 60 ఆంపియర్లను సులువుగా మింగుతుంది, కాబట్టి మబ్బుల మధ్య గంటసేపు ఎండ కాసినా ఆ గంటను పట్టుకుంటుంది. వానాకాలంలో దీని విలువ అనుభవిస్తేనే తెలుస్తుంది. ధర చూసి వెనక్కి తగ్గకండి. వాడుకోగల యూనిట్లను సైకిళ్లతో (ఒకసారి నింపి వాడుకుంటే ఒక సైకిల్) గుణించి చూడండి. ట్యూబులర్ సగం లోతుకు వాడితే వెయ్యి, పదిహేను వందల సైకిళ్లు. లిథియం 80 శాతం లోతుకు వాడినా మూడు వేలు దాటుతుంది. కొనేటప్పుడు ప్యాక్‌లోని బీఎమ్మెస్ (బ్యాటరీని కాపాడే ఎలక్ట్రానిక్ బోర్డు) మీ ఇన్వర్టర్‌తో కేబుల్ ద్వారా మాట్లాడుతుందో లేదో దుకాణంలోనే కలిపి చూపించమనండి. ఇన్వర్టర్ సెట్టింగ్‌లో ట్యూబులర్‌కు వాడే ఈక్వలైజ్ అనే చార్జింగ్ ఆగి ఉందో లేదో చూసుకోండి.

ఏ రకమైనా వేడికి దూరంగా పెట్టాలి. నా మొదటి ట్యూబులర్ సెట్‌ను మెట్ల కింద, రేకుల నీడలో పెట్టాను. ఐదేళ్లు రావాల్సింది 26 నెలలకే పోయింది. లెడ్ యాసిడ్ బ్యాటరీకి 10 డిగ్రీల వేడి పెరిగితే ఆయుష్షు సగమవుతుంది, ఇది పుస్తకంలో చదివినప్పుడు ఎక్కలేదు, డబ్బు పోయాక ఎక్కింది. ఇంటికి ఉత్తరం వైపు గది, గాలి ఆడేది చూడండి. ట్యూబులరే పెడితే పడకగదిలో వద్దు, చార్జ్ అయ్యేటప్పుడు హైడ్రోజన్ వస్తుంది.

ముసురు మూడో రోజుకు ఏం చేయాలని అడుగుతారేమో. ఒక చిన్న 2 కేవీఏ పెట్రోల్ జనరేటర్ పెట్టుకోండి. ఏడాదిలో నాలుగైదు సార్లు, మూడేసి గంటలు. ఆ నాలుగు రోజుల కోసం ఇంకో బ్యాటరీ ప్యాక్ కొనడం కన్నా ఇది చాలా తక్కువలో అయిపోతుంది. దాన్ని ఇన్వర్టర్ ఏసీ ఇన్‌పుట్‌కు కలపండి, ఇంటికి నేరుగా వద్దు. ఇన్వర్టర్‌లో ఏసీ చార్జింగ్ కరెంటును 20 ఆంపియర్లకు తగ్గించండి, లేకపోతే జనరేటర్ ఉక్కిరిబిక్కిరై ఆగిపోతుంది.

బోరు మోటరు మీద కాస్త ఎక్కువ రాయాలి, ఎందుకంటే ఇన్వర్టర్లను కాల్చేది అదే. 1 హెచ్‌పీ సింగిల్ ఫేజ్ సబ్‌మెర్సిబుల్ నడిచేటప్పుడు 1100 వాట్లే తీసుకున్నా, మొదలయ్యే క్షణంలో నాలుగైదు రెట్ల కరెంటు లాగుతుంది. అందుకే మీ ఇంటి వాడకానికి 3 కేవీఏ చాలినా 5 కేవీఏ ఇన్వర్టర్ తీసుకోమంటున్నాను, కొన్ని సెకన్లు రెట్టింపు తట్టుకునేది. మీ బోరులో నీళ్లు 100 మీటర్ల లోతున ఉన్నాయన్నారు. వెయ్యి లీటర్లు పైకి తోడటానికి పంపు నష్టాలతో కలిపి 0.7 యూనిట్ల పైచిలుకు పడుతుంది. మోటరును ఎప్పుడూ 10 నుంచి 2 మధ్యలోనే వేయమని నాన్నగారికి చెప్పండి, టైమర్ పెడితే ఇంకా మంచిది. 1000 బదులు 2000 లీటర్ల ట్యాంకు పెట్టండి. ఎండ ఉన్నప్పుడు నిండిన ట్యాంకు కూడా ఒక బ్యాటరీయే, అదీ ఇరవై ఏళ్లు పాడవనిది. ముసురు వస్తుందని టీవీలో చెప్పిన రోజే నింపేసుకోవచ్చు. నిర్ణయం అయ్యేలోపు దగ్గరలో సోలార్ మీద మోటరు నడిపే రైతు ఉంటే వెళ్లి చూడండి, ఇన్వర్టర్ మీద మోటరు మొదలయ్యే శబ్దం వింటే మీకే తెలుస్తుంది.

వోల్టేజ్ దగ్గర జరిగే ఒక పొరపాటు చెప్పాలి. 540 వాట్ల ప్యానెల్ ఓపెన్ సర్క్యూట్ వోల్టేజ్, అంటే దానికి ఏమీ తగిలించనప్పటి వోల్టేజ్, దాదాపు 49.5. అది 25 డిగ్రీల దగ్గర కొలిచింది. చలికి వోల్టేజ్ పెరుగుతుంది. జనవరిలో చేవెళ్ల వైపు తెల్లారి 8 డిగ్రీలు ఉంటే ఒక్కో ప్యానెల్ 51.8 చూపిస్తుంది. చాలా 5 కేవీఏ ఇన్వర్టర్లలో ఎంపీపీటీ (ప్యానెళ్ల కరెంటును తీసుకునే భాగం) తట్టుకునేది 145 వోల్టులు. మూడు సిరీస్‌లో కలిపితే 155. పొద్దున ఎండ తగలగానే ఇన్వర్టర్ పోతుంది, వారంటీ కూడా ఇవ్వరు. కాబట్టి రెండేసి ప్యానెళ్లు సిరీస్‌లో, అలాంటి జతలు మూడు పారలల్‌లో, అంటే ప్లస్‌లన్నీ ఒకచోట, మైనస్‌లన్నీ ఒకచోట కలపండి. మూడు జతలు కలిపినప్పుడు ప్రతి జతకూ 25 ఆంపియర్ల డీసీ ఫ్యూజ్ తప్పనిసరి, ఒక జతలో షార్ట్ అయితే మిగతా రెండూ దాంట్లోకే కరెంటు తోస్తాయి. 450, 500 వోల్టులు తట్టుకునే ఇన్వర్టర్లు కూడా ఉన్నాయి, అవైతే ఆరూ ఒకే వరుసలో పెట్టవచ్చు, వైర్ ఖర్చు తగ్గుతుంది. ఏదైనా సరే, ఇన్వర్టర్ వెనక అతికించిన కాగితం మీది అంకె మీ కళ్లతో చూసి లెక్క వేయండి.

ఇప్పుడు చెప్పబోయేది మిగతా అన్నిటికన్నా ముఖ్యం. 2018లో మొయినాబాద్ దగ్గర ఒక స్నేహితుడి ఇంట్లో ప్యానెళ్ల వైపు ఎలక్ట్రీషియన్ మామూలు ఏసీ ఎంసీబీ పెట్టాడు. నేను అడిగితే "ఏం గాదన్నా, నడుస్తది, ఆంపియర్లు ఒకటే గదా" అన్నాడు. నేను గట్టిగా పట్టుబట్టలేదు. ఎండాకాలం ఒక మధ్యాహ్నం ప్యానెళ్లు కడుగుదామని దాన్ని దించారు. లోపల పుట్టిన నిప్పు ఆరలేదు. ఏసీ కరెంటు సెకనుకు వందసార్లు సున్నాకు వస్తుంది కాబట్టి స్విచ్ విడిపోగానే మెరుపు ఆరిపోతుంది. డీసీ సున్నాకు రాదు, ఆ మెరుపు అలాగే వెలుగుతూ ఉంటుంది. బాక్సు కరిగి గోడ నల్లబడింది. ఇంట్లో పిల్లలు ఉన్నారు. ఎవరికీ ఏమీ కాలేదు గానీ, ఆ రోజు నుంచి డీసీ అని రాసి ఉన్న బ్రేకర్ లేకపోతే నేను పని ఆపిస్తాను. మీరూ ఆపించండి. కోఠి ట్రూప్ బజార్‌లో అడిగితే డీసీ ఎంసీబీలు, డీసీ సర్జ్ ప్రొటెక్టర్లు (ఒక్కసారిగా ఎగసే వోల్టేజ్‌ను ఆపేవి) దొరుకుతాయి. బ్యాటరీ పాజిటివ్‌కు ఎంత దగ్గరగా వీలైతే అంత దగ్గర పెద్ద డీసీ ఫ్యూజ్ ఉండాలి. లిథియం ప్యాక్ షార్ట్ అయితే వేల ఆంపియర్లు వదులుతుంది. 3 కిలోవాట్లు లాగినప్పుడు 48 వోల్టుల దగ్గర 60 ఆంపియర్లకు పైన పోతాయి, మోటరు మొదలయ్యేటప్పుడు అంతకు రెట్టింపు. కాబట్టి బ్యాటరీ నుంచి ఇన్వర్టర్‌కు 35 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబుల్, పొడవు రెండు మీటర్లకు మించకుండా. కేబుల్ చివర్ల లగ్‌లు సరైన క్రింపింగ్ టూల్‌తో నొక్కించండి, సుత్తితో కొట్టనివ్వకండి.

ఎర్తింగ్ మన వైపు కష్టం. నాలుగడుగుల కింద రాయి తగులుతుంది. "గుంత తీసి ఉప్పు, బొగ్గు పోసినం సార్" అంటే సరిపోదు, మీటర్ పెట్టి 5 ఓమ్‌ల లోపు ఉందని చూపించమనండి. రాయి అడ్డం వస్తే రెండు మూడు చోట్ల గుంతలు తీసి వాటిని భూమిలో జీఐ పట్టీతో కలపండి. ఇంకో విషయం చాలామంది ఎలక్ట్రీషియన్లకు కూడా తట్టదు. లైన్ ఉన్న ఇంట్లో న్యూట్రల్ ట్రాన్స్‌ఫార్మర్ దగ్గర భూమికి కలిసి ఉంటుంది. మీ ఇంటికి ట్రాన్స్‌ఫార్మర్ లేదు. ఇన్వర్టర్ న్యూట్రల్‌ను ఒకే ఒక్క చోట ఎర్త్‌కు కలపకపోతే మీరు పెట్టిన ఆర్‌సీసీబీ, అంటే షాక్ కొట్టగానే కరెంటు ఆపాల్సిన స్విచ్, ఆ సమయానికి పడదు. ఏ చోట కలపాలో ఇన్వర్టర్ మాన్యువల్‌లో ఉంటుంది. పని అయ్యాక ఆర్‌సీసీబీ మీది టెస్ట్ బటన్ ఒక్కటే నొక్కి సరే అనుకోకండి, అది లోపలి మీటను మాత్రమే చూస్తుంది. ఫేజ్‌కూ ఎర్త్‌కూ మధ్య టెస్ట్ బల్బు పెట్టించి పడుతుందో లేదో చూడండి.

ప్యానెళ్ల స్టాండు గట్టిదనం విషయంలో రాజీ పడకండి. మన ప్రాంతానికి నిర్మాణాల ప్రమాణాల్లో రాసిన గాలి వేగం సెకనుకు 44 మీటర్లు, అంటే గంటకు దాదాపు 158 కిలోమీటర్లు. ఏప్రిల్, మే సాయంత్రాల్లో వచ్చే ఈదురుగాలికి రేకులు లేచిపోవడం మీరు చూసే ఉంటారు. వడగళ్ల గురించి మరీ భయపడకండి, 25 మిల్లీమీటర్ల మంచుగడ్డను సెకనుకు 23 మీటర్ల వేగంతో కొట్టి పరీక్షించిన అద్దం అది. కోతులే అసలు సమస్య. ప్యానెల్ కింద వేలాడే వైరు పట్టుకుని ఊగుతాయి. వైర్లన్నీ జీఐ పైపులోనే పోవాలి. వేపచెట్టు కొమ్మ నీడ ఒక మూల పడినా ఆ జత మొత్తం తగ్గిపోతుంది, నవంబరు, డిసెంబరుల్లో నీడ ఎంత పొడుగు సాగుతుందో ఇప్పుడే ఊహించి చోటు చూడండి. కడగడం పొద్దున్నే, ప్యానెల్ చల్లగా ఉన్నప్పుడు. బోరు నీళ్లు తెల్ల మరకలు వేస్తాయి, వాన నీళ్లు డ్రమ్ములో పట్టి పెట్టుకుంటే మేలు.

ఈ వారం మీరు చేయగల పని ఒకటుంది. హైదరాబాద్‌లో మీ ఫ్లాట్ మీటర్‌ను రాత్రి 10కి ఒకసారి, పొద్దున 6కి ఒకసారి ఫోటో తీయండి, ఏడు రోజులు. అమ్మావాళ్లు ఇప్పుడు మీతోనే ఉన్నారు కాబట్టి వాళ్ల రాత్రి వాడకం అసలు ఎంతో తెలుస్తుంది. ఏసీ నడిచిన రోజులు వేరుగా రాయండి. పైన నేను రాసిన 3 యూనిట్ల రాత్రి లెక్కకు, మీ అంకెకు తేడా వస్తే మీ అంకెనే నమ్మి బ్యాటరీ సైజు మార్చండి.

స్లాబ్ వచ్చే నెల పోస్తామన్నారు. పోసేలోపు మేస్త్రీతో మాట్లాడి మూడు పనులు చేయించండి. స్టాండు కాళ్ల కోసం యాంకర్ బోల్టులు పిల్లర్ల మీదికి వచ్చేలా ఇప్పుడే పెట్టించండి, తర్వాత స్లాబ్‌కు డ్రిల్ వేస్తే వానకు కారుతుంది. మేడ నుంచి బ్యాటరీ గదికి రెండంగుళాల పైపులు రెండు వేయించండి, ఒకటి ప్యానెల్ వైర్లకు, ఒకటి ముందు ముందు అవసరానికి. ఎర్త్ పట్టీ కిందికి దిగే దారి గోడ బయట, కిటికీలకు దూరంగా గీత గీసి చూపించండి.